నాయన బిగించిన నట్టు

కొన్ని నట్లు ఊరికే రావు. సైకిలు చక్రం నట్టు నుంచి నీళ్ళ మోటారు ఫుట్‌వాల్వు దాకా, ఏదో ఒకటి బిగుసుకుపోయి మొరాయించని ఇల్లుండదు. ఇంటాయన పానా పెట్టి తిప్పుతాడు. రాదు. పానా మీద కాలేసి తొక్కుతాడు. అయినా రాదు. ఈలోగా చుట్టూ నలుగురు చేరతారు. ‘కిర్సనాయిలు పొయ్యండి’ అంటాడొకడు. ‘వేడి చెయ్యండి’ అంటాడు ఇంకొకడు. ‘అటు కాదు సామీ, ఇటు తిప్పల్ల’ అంటాడు గోడ మీద నుంచి తొంగి చూసే పక్కింటాయన. చివరికి పానా జారుతుంది, వేళ్ళు చెక్కుకుపోతాయి, ఇంటావిడ పసుపు డబ్బా కోసం లోపలికి పరుగెత్తుతుంది.

మా ఇంట్లో అలాంటి నట్టు ఒకటి ఏడు వారాల పాటు ఇంటిల్లిపాదినీ తిప్పింది. అది మాత్రం తిరగలేదు.

చిత్తూరులో మా పాత ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక స్టాండర్డ్ హెరాల్డ్ కారుంది. 1966 మోడలు, రెండు తలుపులది. మా నాయన 1974లో మద్రాసులో ఒక డాక్టరు గారి దగ్గర సెకండ్ హ్యాండులో కొన్నారు. నాయనది బెల్లం మండీ వ్యాపారం. బెల్లం మండీకి కారెందుకని మా తాత నెల రోజులు మాట్లాడలేదట. తర్వాత అదే కార్లో ముందు సీట్లో కూర్చుని తిరుమలకు పోయొచ్చాడు, అది వేరే సంగతి.

ఇప్పటి పిల్లలకు హెరాల్డ్ అంటే తెలియదు. అంబాసిడరు, ఫియట్‌లతో పాటు అప్పట్లో మన రోడ్ల మీద తిరిగిన మూడో కారు అది. 1961 నుంచి మద్రాసు శివార్లలో, వండలూరు దగ్గరి ఫ్యాక్టరీలో తయారయ్యేది. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ 1959లో తెచ్చిన హెరాల్డ్‌కు ఇది మన దేశపు రూపం. దాని బొమ్మ గీసింది జొవాన్ని మిచెలొట్టి అనే ఇటలీ కళాకారుడు. బానెట్టు ఎత్తితే మూత మాత్రమే లేవదు, రెక్కలు, దీపాలు, ముక్కు అన్నీ కలిసి ముందుకు వాలిపోతాయి. ఇంజిను మొత్తం అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తుంది. చక్రం మీద కూర్చుని పని చేసుకోవచ్చు. 25 అడుగుల చోటుంటే చాలు, గుండ్రంగా తిరిగేస్తుంది. మా వీధి మలుపులో లారీ వాళ్ళు తంటాలు పడుతుంటే నాయన ఒక్క తిప్పుతో మళ్ళించుకుని వాళ్ళ వంక ఒక చూపు చూసేవారు. ఆ చూపు నాకింకా గుర్తుంది.

ఈ కారుకు ఇంకో చుట్టరికం ఉంది. ఇంగ్లండులో 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో పేరు మోసిన విమానం పేరే దానిదీ. పైకప్పు లేకుండా, నేలకు ఆనుకున్నట్టుండే ఆ కారును ఇవాళ్టికీ అక్కడివాళ్ళు పసిబిడ్డలా చూసుకుంటారు. దాని గీత కూడా మిచెలొట్టిదే. పైగా దాని చట్రం ఎక్కడిదనుకున్నారు? హెరాల్డ్ చట్రాన్నే పొట్టి చేసి తయారు చేసింది. ఇంజినూ ఆ కుటుంబానిదే. మన హెరాల్డ్‌ది 948 సీసీ అయితే దాన్నే పెంచి స్పిట్‌ఫైర్‌కు 1147 సీసీ చేశారు. అంటే చిత్తూరు బెల్లం మండీ ముందు నిలబడిన కారూ, ఇంగ్లండు కుర్రాళ్ళు గాలికి జుట్టు ఎగరేసుకుంటూ నడిపిన కారూ అన్నదమ్ముల బిడ్డలన్నమాట. ఈ చుట్టరికమే తర్వాత మాకు అక్కరకొచ్చింది.

నాయన 2013లో పోయారు. ఆ తర్వాత కారు రోడ్డెక్కింది తక్కువే గానీ అమ్మ మాత్రం దాన్ని వదల్లేదు. నెలకోసారి ఎవరినో ఒకరిని బతిమాలి స్టార్ట్ చేయించేది. ఆదివారం పొద్దున కారు శబ్దం వినిపించకపోతే ఇల్లు బోసిగా ఉంటుందనేది. నేను తిరుపతిలో, తమ్ముడు బెంగళూరులో. వారానికోసారి ఫోనులో అమ్మ క్షేమంతో పాటు కారు క్షేమం కూడా అడగాల్సి వచ్చేది.

నిరుడు దీపావళికి పోయినప్పుడు స్టార్ట్ చేస్తే ఇంజిను ముందు భాగంలోంచి గలగలమని మోత. రేకు డబ్బాలో రూపాయి బిళ్ళలు వేసి ఊపినట్టు. తెలిసినవాళ్ళు విని టైమింగ్ చైను సాగిందన్నారు. ఇంజినులో కిందుండే క్రాంకునూ, వాల్వుల్ని తెరిచి మూసే క్యామునూ కలిపి తిప్పే గొలుసు అది. సాగిపోయిన గొలుసు ఒక పన్ను జారిందంటే వాల్వులకూ పిస్టన్లకూ లెక్క తప్పుతుంది. గొలుసు మార్చాలంటే దాని మీది రేకు మూత విప్పాలి. మూత విప్పాలంటే ముందున్న పుల్లీ తియ్యాలి. పుల్లీ రావాలంటే దాని నడిమధ్యలో ఉన్న ఒకే ఒక్క నట్టు రావాలి.

పేరుకు నట్టు గానీ నిజానికది బోల్టు. క్రాంకు ముక్కులోకి దిగే లావుపాటి మరబోల్టు. మెకానిక్కులందరూ నట్టనే అంటారు కాబట్టి నేనూ అట్లాగే అంటాను. దాని తల మీద గాళ్ళు ఉంటాయి. బ్యాటరీ దిగిపోయినప్పుడు కారు ముందు నుంచి జెడ్ ఆకారంలో ఉండే ఇనుప హ్యాండిలు దూర్చి తిప్పేవాళ్ళు చూడండి, పాత సినిమాల్లో కమెడియన్లు ఎగిరిపడేది దాని దెబ్బకే, ఆ హ్యాండిలు పట్టుకునేది ఈ నట్టునే. అందుకే దాన్ని హ్యాండిల్ నట్టు అనేవాళ్ళు.

ఇక్కడ మాకు గడువొకటి ఉంది. పాత ఇల్లు కూలగొట్టి అపార్టుమెంటు కట్టడానికి మాట్లాడుకున్నాం. ఉగాది లోపల షెడ్డు ఖాళీ చెయ్యాలి. కారు తన కాళ్ళ మీద తాను బయటికి రాకపోతే పాత ఇనుము వాళ్ళ లారీ ఎక్కాల్సిందే. ఒకతను వచ్చి చుట్టూ తిరిగి, తట్టి చూసి 18 వేలు ఇస్తానన్నాడు కూడా. తమ్ముడిది లెక్కల బుర్ర. ‘అన్నా, రిపేరుకు అంతకు మూడింతలవుతుంది, ఎందుకీ బంధం?’ అన్నాడు. వాడు చెప్పిందాంట్లో తప్పేం లేదు. అమ్మ మాత్రం ఏమీ అనలేదు. ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు, అంతే. ఎనభై రెండేళ్ళ మనిషి అన్నం తినకపోతే ఇంట్లో ఎవరికి ముద్ద దిగుతుంది?

మొదట తిరుపతిలో నాకు తెలిసిన ఒక వర్క్‌షాపు నుంచి కుర్రాడిని పంపించారు. చురుకైనవాడే. కానీ వాడి దగ్గరున్నవి మిల్లీమీటరు పానాలు. హెరాల్డ్ నట్లన్నీ అంగుళాల లెక్కవి. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లోనే వచ్చింది గానీ ఇంగ్లండు నక్షాలతో తయారైన బండ్లు చాలా కాలం అంగుళాల్లోనే బతికాయి. అంగుళం నట్టుకు మిల్లీమీటరు పానా పెడితే పెద్దవాళ్ళ చెప్పులు చిన్నపిల్లలు వేసుకున్నట్టుంటుంది. కుర్రాడు పైపు తగిలించి బలంగా లాగాడు. పానా జారింది. నట్టు ఆరు మూలల్లో నాలుగు అరిగి గుండ్రమయ్యాయి. ‘గ్యాసు కట్టింగ్ పెట్టి కోసేద్దాం సార్’ అన్నాడు. కోసేది నట్టునే గానీ దాని వెనకుంది క్రాంకు. మంట రవ్వంత పక్కకు పోతే క్రాంకు ముక్కు పోతుంది. ఫ్యాక్టరీ మూతపడి ముప్పై ఏళ్ళు దాటాక ఇంకో క్రాంకు ఎక్కడ తెస్తాం? దండం పెట్టి పంపించేశాను.

అప్పుడు అమ్మే గుర్తు చేసింది, ‘పాత బస్టాండు వెనక భాయ్ ఉండాడు గదరా, వాళ్ళ నాయనే గదా ఈ కారు చూస్తా ఉండింది’ అని.

చిత్తూరు మెకానిక్కుల గురించి ఒక మాట చెప్పుకోవాలి. మద్రాసు నుంచి బెంగళూరు పోయే పాత హైవే మా ఊరి మీదుగానే పోయేది. చిత్తూరు దాటి బంగారుపాళ్యం పోతే మొగిలి ఘాటు. ఎండాకాలంలో ఆ ఘాటెక్కలేక రేడియేటర్లు బుస్సుమని పొంగిన కార్లెన్నో, వెనక్కి మళ్ళి చిత్తూరులో ఆగినవెన్నో. తెలుగు, తమిళం, ఉర్దూ మూడూ కలిపి మాట్లాడుతూ, ఏ ఊరి బండినైనా దాని గొంతు విని జబ్బు చెప్పే మేస్త్రీలు మా ఊళ్ళో తయారైంది ఆ ఘాటు పుణ్యానేనని నా నమ్మకం. భాయ్ వాళ్ళల్లో మిగిలిన ఒకరిద్దరిలో ఒకడు. వయసు అరవై దాటింది. కొడుకు పక్కనే కంప్యూటరు తగిలించి కొత్త కార్లు చూస్తాడు. తండ్రి వైపు గోడకు ఇంచి పానాలు వరసగా వేలాడుతుంటాయి.

భాయ్ వచ్చి బానెట్టు ముందుకు వాల్చి, చక్రం మీద కూర్చుని, నట్టు మీద వేలు పెట్టి ఒకసారి చుట్టూ తిప్పాడు. డాక్టరు నాడి చూసినట్టు. ఎవరు పాడు చేశారని అడగలేదు.

‘1979లో ఈ చైను మార్చింది మా అబ్బాజానే అన్నా. నాకప్పుడు పదైదేండ్లు. టార్చిలైటు పట్టుకోనుండింది నేనే’ అన్నాడు. తర్వాత, ‘ఆత్రపడే పని కాదిది. రొంత ఓర్సుకోండి. దీన్ని మనం తీసేది కాదు, అదే వచ్చేదానికి దారి చెయ్యాల’ అన్నాడు.

ఉగాదికి ఇంకా వ్యవధి ఉంది. సరేనన్నాం.

మొదటి వారమంతా అతను చేసింది ఒకటే పని. రోజూ సాయంత్రం నమాజు అయ్యాక వచ్చేవాడు. నట్టు చుట్టూ నూనె పోసేవాడు. చిన్న సుత్తితో దాని తల మీద టకటకమని ఒక ముప్పై దెబ్బలు వేసేవాడు. గట్టిగా కాదు, తలుపు తట్టినట్టు. టీ తాగి వెళ్ళిపోయేవాడు. మా తమ్ముడు వీడియో కాల్లో చూసి, ‘దీనికేనా ఇంత?’ అన్నాడు. నేను తిరుపతి నుంచి డబ్ల్యూడీ ఫార్టీ డబ్బా తీసుకుపోయి ఇచ్చాను. 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో క్షిపణుల రేకుకు తుప్పు పట్టకుండా కనిపెట్టిన మందు అది. నలభయ్యో ప్రయత్నంలో కుదిరింది కాబట్టి ఆ పేరట. భాయ్ డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇది తడి పోగొట్టేది. లోపలికి పాకేది వేరే’ అని పక్కన పెట్టేసి, తన సీసాలోని కిర్సనాయిలు, గేరు నూనె కలిపిన మందే పోశాడు. తర్వాత చూస్తే అతను చెప్పిందే నిజం. ఆ పేరులోని డబ్ల్యూ, డీ అక్షరాలకు నీటిని తొలగించేదని అర్థం.

ఇంతలో సలహాలకు కొదవ లేదు. నట్టు మీద కర్పూరం వెలిగించమన్నాడు ఒక బంధువు. మా ఇంట్లో ఆమె కాణిపాకం వినాయకుడికి మొక్కుకుంది. నట్టు వచ్చిన వారం లోపల ఆ కార్లోనే అత్తయ్యను తీసుకుపోయి దర్శనం చేయిస్తానని. మొక్కు తనది, నడపాల్సింది నేను.

రెండో వారంలో మా చిన్నాన్న వచ్చాడు. తిరుపతిలో రైల్వే వాళ్ళ క్యారేజ్ రిపేర్ షాపులో ఫిట్టరుగా పని చేసి రిటైరైన మనిషి. రైలు పెట్టెల కింద చచ్చిన నట్లతోనే ఆయన జీవితమంతా గడిచింది. భాయ్‌కీ ఆయనకూ పది నిమిషాల్లో స్నేహం కుదిరింది. ఇద్దరూ చెరో స్టూలు వేసుకుని ఆ నట్టు ముందు కూర్చుంటే పంచాంగం చూసే పెద్దల్లా ఉండేవాళ్ళు.

నట్టు ఎందుకు బిగుస్తుందో నాకు అర్థమయ్యేట్టు చెప్పింది చిన్నాన్నే. బోల్టును బిగించేటప్పుడు అది వెంట్రుకవాసి సాగుతుందట, స్ప్రింగులాగా. ఆ సాగిన బోల్టు మళ్ళీ కుదురుకోవాలని లాగే లాగుడే రెండు ముక్కల్నీ పట్టి ఉంచుతుంది. మనం పానా మీద పెట్టే బలంలో బోల్టును సాగదీసేది పదో వంతే. మిగిలిన తొంభై పాళ్ళు మరల మధ్య, నట్టు తల కింద రాపిడికే ఖర్చయిపోతుంది. దానికి తోడు తుప్పు. ఇనుము తుప్పుగా మారితే అంతకు ముందున్న చోటు చాలదు, రెండు మూడు రెట్లు అడుగుతుంది. ఇరుకు గదిలో చుట్టాలు దిగినట్టు. అందుకే పాత నట్టు, బిగించిననాటి కంటే గట్టిగా ఉంటుంది.

‘అయినా ఇది మరీ ఇంత బిగువుండకూడదే’ అని చిన్నాన్న చాలాసేపు ఆలోచించాడు. తర్వాత హఠాత్తుగా, ‘మీ నాయన హ్యాండిలు కొట్టేవాడు గదా?’ అన్నాడు.

కొట్టేవారు. ఆ రోజులు నాకు బాగా గుర్తు. 1980లలో కారు బ్యాటరీ మార్చడమంటే మాటలు కాదు. చలికాలం వస్తే స్టార్టరు కుయ్యిమని మూలిగి ఊరుకునేది. నాయన తెల్లారుజామున ఐదింటికే మండీకి పోవాలి, పాటలు అప్పుడే మొదలవుతాయి. తెల్ల పంచె పైకి మడిచి కట్టి, హ్యాండిలు దూర్చి, ‘ఆ...’ అంటూ ఒక్క ఊపు. రెండు ఊపులు. మూడోదానికి ఇంజిను లేచేది. నేనూ తమ్ముడూ దుప్పట్లో నుంచి లెక్క పెట్టేవాళ్ళం. ఐదు దాటితే నాయన కోపంగా ఉన్నట్టు లెక్క, ఆ రోజు స్కూలు ఫీజు మాట ఎత్తకూడదు.

చిన్నాన్న నేల మీద సుద్దముక్కతో గీసి చూపించాడు. హ్యాండిలు తిప్పేది గడియారం ముల్లు తిరిగే వైపు. ఈ నట్టు బిగిసేదీ ఆ వైపే. కావాలనే అట్లా చేస్తారు. లేకపోతే హ్యాండిలు కొట్టినప్పుడల్లా నట్టు ఊడి చేతికొచ్చేది. సైకిలు ఎడమ పెడలుకు ఎదురు మర పెట్టేదీ, తొక్కుతుంటే ఊడిపోకుండా ఉండాలనే. అంటే నాయన కారు స్టార్ట్ చేసిన ప్రతి చలికాలపు పొద్దునా ఆ నట్టు మీద ఆయన బలం పడింది.

‘భాయ్ వాళ్ళ నాయన ఒకసారే బిగించినాడు. మీ నాయన పదేండ్లు బిగించినాడు’ అన్నాడు చిన్నాన్న.

ఎవరమూ కాసేపు మాట్లాడలేదు. వంటింటి గుమ్మంలో నిలబడిన అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. నేను ఆ నట్టు వంక చూశాను. అరిగిన మూలలతో, నల్లగా, నూనె కారుతూ. నాయన చేతిరాత ఉన్న మండీ పుస్తకాలు చాలానే ఉన్నాయి మా ఇంట్లో. ఆయన ఫోటోలున్నాయి. కానీ ఆయన భుజం బలం దాచిపెట్టుకున్న వస్తువు ఇదొక్కటే అనిపించింది. అనిపించడమేముంది, లెక్క ప్రకారమే ఉంది! దాన్ని విప్పకపోతే కారు పోతుంది. విప్పితే ఆ బిగువు పోతుంది. ఆ రాత్రి తిరుపతి బస్సులో పూతలపట్టు దాకా ఇదే ఆలోచన. తర్వాత నిద్రపోయాను.

విడి భాగాల సంగతి చెప్పలేదు కదూ. స్పిట్‌ఫైర్ చుట్టరికం పనికొచ్చింది ఇక్కడే. ఆ కారు తయారీ 1980లోనే ఆగిపోయినా దాని ప్రేమికులు ఊరుకోలేదు. దాని చైన్లు, గాస్కెట్లు, నట్లు ఇంగ్లండులో ఇప్పటికీ కొత్తవి అమ్ముతున్నారు. ఆ కుటుంబపు ఇంజిన్లకు కొన్ని భాగాలు ఒకటే. మా చెల్లెలి కొడుకు కోవెంట్రీలో చదువుకుంటున్నాడు. ట్రయంఫ్ కార్లు పుట్టింది ఆ ఊళ్ళోనే. వాడికి ఆ సంగతే తెలియదు. కారు వివరాలు పంపిస్తే టైమింగ్ చైను, దాన్ని నొక్కిపట్టే రేకు స్ప్రింగు, ఆయిల్ సీలు, కొత్త హ్యాండిల్ నట్టు అన్నీ కొని సంక్రాంతి సెలవులకొచ్చిన స్నేహితుడి పెట్టెలో పెట్టి పంపాడు. అంతా కలిపి అర కిలో పైన ఉంటుంది. తిరుగు పెట్టెలో మామిడికాయ తొక్కు, నువ్వుల పొడి కలిపి నాలుగు కిలోలు పోయింది.

అరిగిన తలను ఏం చెయ్యాలనేది మిగిలింది. తిరుపతి కుర్రాడు మళ్ళీ ఫోను చేసి ఒక చిట్కా చెప్పాడు. నట్టుకు పానా బిగించి, దాని కాడ చట్రానికి ఆనించి, స్టార్టరు ఒక్క క్షణం తిప్పితే ఇంజిను తిరిగిపోతుంది, నట్టు వెనకబడి వదులవుతుందని. మంచి చిట్కానే, చాలామంది వాడతారు. ‘మూలలుంటే అట్లే చేసుందుము. ఇప్పుడు జారితే రేడియేటరు చోట ఎవురి చెయ్యి ఉండాదో వాళ్ళది పోతాది’ అన్నాడు భాయ్. అతను ఆకురాయి తీసుకుని రెండు సాయంత్రాలు కూర్చుని, నట్టు తలను అరగదీసి ఒక సైజు తక్కువకు తెచ్చాడు. ఆరు ముఖాలూ మళ్ళీ తేరాయి. దానికి సరిపడే ఆరు మూలల సాకెట్టు సుత్తితో కొట్టి ఎక్కించాడు. పన్నెండు మూలలది ససేమిరా పనికిరాదన్నాడు. అది మూలల్నే పట్టుకుంటుంది, ఆరు మూలలది ముఖాల్ని పట్టుకుంటుంది.

ఏడో వారం శనివారం. రేడియేటరు, ఫ్యాను, బెల్టు అన్నీ అంతకు ముందే విప్పేశారు. బానెట్టు పూర్తిగా ఊడదీసి జామచెట్టు కింద పెట్టారు. స్టార్టరు మోటారు తీసేసి, ఆ రంధ్రంలోంచి ఫ్లైవీలు పళ్ళ మధ్య ఇనుప ముక్క దూర్చి భాయ్ కొడుకు పట్టుకున్నాడు, ఇంజిను తిరగకుండా. కంప్యూటరు కుర్రాడు ఆ రోజు దుకాణం మూసేసి వచ్చాడు.

భాయ్ చిన్న గ్యాసు మంటతో నట్టు తలను మాత్రమే వేడి చేశాడు. ఎర్రగా కాదు, నీటి చుక్క వేస్తే చుయ్యిమనేంత. తర్వాత చల్లారనిచ్చాడు. మళ్ళీ వేడి, మళ్ళీ చల్లదనం. మూడుసార్లు. అంగుళం మందం ఉక్కు 200 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది మన వెంట్రుక మందమంత. ఆ కాస్త పెరిగి తరిగితే చాలు, లోపల తుప్పు పెళుసు కాబట్టి పగులుతుంది. మూడోసారి వేడి మీద ఉండగానే కొవ్వొత్తి తీసుకుని నట్టు అంచుకు ఆనించాడు. మైనం కరిగి, చూస్తుండగానే లోపలికి పీల్చుకుపోయింది. చిన్నాన్న నా మోచేతిని పొడిచాడు. ‘తాగింది, చూసినావా! దారి పడింది’ అని.

ఆరడుగుల పైపు తగిలించారు. చిన్నాన్న ఒక చెయ్యి, నేనొక చెయ్యి. భాయ్ చివర పట్టుకుని, ‘ముందు బిగించే వైపు’ అన్నాడు. నాకు అర్థం కాలేదు. ‘రవ్వంత బిగించండన్నా. అది యా పక్కకు అలవాటు పడిందో ఆ పక్కకే మొదట కదలతాది.’

బిగించాం. నాయన తిప్పిన వైపే.

‘టిక్’ మంది. చెట్టు మీద కాకి లేచిపోయింది.

తర్వాత ఎదురు తిప్పాం. కొంచెం గునిసింది, కీచుమంది, ఒక్కసారి వదిలేసింది. పైపుతో పాటు ముగ్గురం పక్కకు తూలాం. మిగిలిన చుట్లు భాయ్ వేళ్ళతోనే తిప్పాడు. బయటికొచ్చిన బోల్టు మీద మరలు ఇంకా మెరుస్తున్నాయి. అతను దాన్ని పాత బనీను గుడ్డతో తుడిచి నాకివ్వలేదు. నేరుగా లోపలికి పోయి అమ్మ చేతిలో పెట్టాడు. అమ్మ వేడిగా ఉందంటూ కొంగులో పట్టుకుంది.

చైను మార్చడం ఒక పూట పని, దాని గురించి చెప్పడానికేమీ లేదు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పట్టుకుంటే పాతది పాములా వంగి వేలాడింది. కొత్త నట్టు బిగించేటప్పుడు భాయ్ మరలకు కొంచెం నూనె రాసి, కొడుకు దగ్గరున్న కొలత చూపించే టార్కు పానాతో బిగించాడు. కాదు, కొడుకు చేత బిగించాడు. తాను టార్చిలైటు పట్టుకున్నాడు. కూలి ఎంతంటే ఐదు వేలన్నాడు. అంతేనా అంటే, మా అబ్బాజాన్ వారంటీలో ఉండాది లెండి అని నవ్వాడు. చిన్నాన్న మధ్యలో పడి, బలవంతాన ఇంకొంత ఇప్పించాడు.

ఉగాదికి నాలుగు రోజుల ముందు హెరాల్డ్ తన కాళ్ళ మీదే షెడ్డులోంచి బయటికొచ్చింది. గలగల లేదు. తమ్ముడు బెంగళూరు నుంచి వచ్చి, ఏమీ మాట్లాడకుండా గంటసేపు దాన్ని కడిగాడు.

ఇక మిగిలింది కాగితాల పని. యాభై ఏళ్ళు దాటిన బండ్లకు కేంద్ర ప్రభుత్వం 2021లో వింటేజ్ రూల్సు తెచ్చింది. 20 వేలు కట్టి రిజిస్టరు చేయించుకుంటే ‘వీఏ’ అక్షరాలతో నంబరిస్తారు, పదేళ్ళు చెల్లుతుంది, తుక్కు భయం ఉండదు. కానీ రోజువారీ తిరగడానికి లేదు. ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, రిపేర్లకు, పెట్రోలు పోయించుకోవడానికి మాత్రమే రోడ్డెక్కాలి. మామూలు రిజిస్ట్రేషను పొడిగించుకుందామా, ఈ దారిలో పోదామా అని నేనూ తమ్ముడూ వరండాలో కూర్చుని తర్జనభర్జన పడుతున్నాం. అమ్మ అంతా వింది.

‘ర్యాలీ అంటే మనకెందుకు గానీ, పెట్రోలు పోయించుకునేదానికైతే పోనిస్తారా?’

‘పోనిస్తారమ్మా.’

‘కాణిపాకం రోడ్లో ఉండాది గదరా బంకు’ అంది, చీర మార్చుకోవడానికి లేస్తూ.